చెట్ల పేర్లకు జవాబు

మొదటిసారి హార్టికల్చర్ అసిస్టెంటు పరీక్ష నేను తప్పింది మొక్కల శాస్త్రీయ నామాల దగ్గరే. అంటు కట్టడం వచ్చు, మామిడి పూతకు తేనెమంచు పురుగు పడితే ఏ మందు కొట్టాలో వచ్చు, పిందె ఎందుకు రాలుతుందో చెప్పగలను. సపోటా చెట్టుకు లాటిన్‌లో పేరేమిటని అడిగితే మాత్రం నాలుక మొద్దుబారిపోయేది. పుట్టినప్పటి నుంచి ఎరిగిన చెట్టును ఎవరో పరాయివాళ్ళ పేరు పెట్టి పిలవమన్నట్టుండేది.

రెండోసారి నోటిఫికేషను పడగానే నాన్న నన్ను తిరువూరులో ఒక గదిలో దింపాడు. గంపలగూడెం దగ్గర మా ఇంట్లో చదువు సాగదు. ఎప్పుడూ ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు, కాఫీలు పెట్టాలి, మాట్లాడాలి. తిరువూరు ఇల్లు ఒక రిటైరైన టీచరుగారిది. ఆవిడా, ఆవిడ తల్లీ ఇద్దరే ఉండేవాళ్ళు. క్యాథలిక్కులు. పొడుగాటి హాలుకు మధ్యలో ప్లైవుడ్ చెక్క కొట్టించి రెండు గదులు చేశారు. ఒకటి నాకు. అవతలి దాంట్లో మామ్మగారి మంచం.

"అమ్మకు పక్షవాతం వచ్చి మాట పోయిందమ్మా. నీకేం ఇబ్బంది ఉండదు. మా ఇంట్లో చప్పుడే ఉండదు" అన్నారు టీచరుగారు.

నిజంగానే చప్పుడు లేదు. మా ఇంట్లో గోలకు అలవాటుపడ్డ చెవులకు ఆ నిశ్శబ్దం మొదట్లో గుచ్చుకునేది. అందుకే పైకి చదివేదాన్ని. వేసవి మధ్యాహ్నాలు, భోజనాలయ్యాక వీధిలో మనిషి కనపడడు. మామిడికాయల లారీ ఏదైనా వెళితే కిటికీ తలుపు కాసేపు అదిరి ఆగేది. నేను కుర్చీ గోడ వైపు వేసుకుని ఒక్కో పేరూ అనేదాన్ని. మాంజిఫెరా ఇండికా. కాస్త ఆగి, మనసులో మామిడి అనుకునేదాన్ని. సిడియం గ్వాజావా. ఆగి, జామ. ఆనోనా స్క్వామోసా. ఆగి, సీతాఫలం. అలా అనగా అనగా దానికొక రాగం వచ్చేసింది. మొదటి మాట దగ్గర గొంతు లేచేది, రెండో మాట దగ్గర దిగేది. నేను పెట్టిన రాగం కాదది, పేర్లే తెచ్చుకున్నాయి. రాగం వచ్చాక పేర్లు నిలవడం మొదలుపెట్టాయి.

ఒకరోజు నేను ఆగిన చోట ఇంకో గొంతు వినపడింది.

ముందు టీవీ అనుకున్నాను. పక్కింటి వాళ్ళెవరో పిల్లకు పాఠం చెప్పుకుంటున్నారనుకున్నాను. మళ్ళీ చదివాను. అరటి దగ్గరికి వచ్చి, మ్యూసా పారడిసియాకా అని ఆగాను. ఆ ఖాళీలోకి, చెక్కగోడ అవతలి నుంచి, సన్నగా, స్పష్టంగా వచ్చింది.

"ఓరా ప్రో నోబిస్."

నేను మర్చిపోయిన మొక్క పేరేదో ఎవరో అందిస్తున్నారనుకున్నాను. నవ్వొస్తుంది గానీ నిజం. పుస్తకం చివరి పేజీల్లో వెతికాను కూడా. దగ్గరగా దొరికింది ఓరోబాంకి ఒక్కటే, అంటే పొగాకు మల్లె. ఆకుపచ్చ రంగే లేకుండా, పక్క మొక్క వేళ్ళను పట్టుకుని, దాని రసం పీల్చి బతికే కలుపు.

పుస్తకం మూసి, "మామిడి" అన్నాను పైకి. ఏమీ లేదు. "జామ" అన్నాను. ఏమీ లేదు. గొంతు తగ్గించి, "సిడియం గ్వాజావా" అన్నాను.

"ఓరా ప్రో నోబిస్."

అది ముసలి గొంతు కాదు. చేతులు కట్టుకుని నిలబడి పాఠం ఒప్పజెప్పే ఆడపిల్ల గొంతు. ఆ ఇంట్లో ఆడపిల్లలెవరూ లేరు. లేచి తలుపు తీసుకుని బయటి వరండాలోకి వెళ్ళిపోయాను. ఎండలో గచ్చు మీద కాళ్ళు కాలుతున్నా అక్కడే నిలబడ్డాను, టీచరుగారు బజారు నుంచి వచ్చేదాకా.

చెప్తే ఆవిడ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశారు. "ఎండదెబ్బ తగిలిందేమోనమ్మా. మజ్జిగ తాగు. అమ్మ నోట మాట విని ఎంతకాలమైందో నీకు తెలియదు. నేను కూతుర్ని, నన్నే పిలవలేదు."

"మీరొచ్చి వినండి ఆంటీ."

ఇద్దరం మామ్మగారి గది గుమ్మంలో నిలబడ్డాం. ఆవిడ వెల్లకిలా పడుకుని ఫ్యాను వైపు చూస్తున్నారు. మెడలో జపమాల, చక్కగా దువ్వి వేసిన పల్చటి తెల్లజడ. నేను అక్కడి నుంచే "ఆర్టోకార్పస్ హెటెరోఫిల్లస్" అన్నాను.

పక్షవాతానికి పక్కకు తిరిగిన ఆ నోరు సరిగ్గా కదిలింది. జవాబు వచ్చింది.

టీచరుగారి చేతిలోని కూరగాయల సంచి జారి నేల మీద పడింది. ఆవిడ తల్లిని చూడలేదు. నన్నే చూశారు, ఒక అడుగు వెనక్కి వేసి.

"ఏం చదువుతున్నావమ్మా నువ్వు? ఏంటవి?"

"పనసచెట్టు ఆంటీ. పరీక్షకి."

పుస్తకం తెచ్చి చూపించేదాకా ఆవిడ ముఖంలో ఆ చూపు పోలేదు. బడిలో పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషే, అయినా ఆ కాసేపు నన్నొక మంత్రగత్తెను చూసినట్టు చూశారు. ఆ తర్వాత ఏడ్చారు. తల్లి మంచం మీద కూర్చుని, "అమ్మా, నన్ను పిలువమ్మా, ఒక్కసారి పిలువు" అన్నారు. మామ్మగారు పిలవలేదు. నేను ఇంకో చెట్టు పేరు చెబుతానేమోనని నా వైపు చూస్తున్నారు.

ఆ రోజు నుంచి నా కుర్చీ గోడ ఇవతలి నుంచి అవతలికి మారింది. టీచరుగారు అడిగితే కాదనలేకపోయాను. తల్లి గొంతు వినాలని ఆవిడ మంచం పట్టీ పట్టుకుని కూర్చునేవారు. నేను చదివేదాన్ని. చింత, ఉసిరి, నేరేడు, కొబ్బరి, ఒక్కోదానికీ ఆ చిన్నపిల్ల గొంతు. ఒక మాట ఒప్పుకోవాలి, అంతకుముందు ఎప్పుడూ పేర్లు అంత బాగా రాలేదు నాకు. నేను ఆగితే ఎదురు చూసే మనిషి ఉండటంతో తప్పడానికి వీల్లేకుండా పోయింది. కానీ సాయంత్రం పెరట్లో కరివేపాకు తుంచడానికి వెళ్ళి, అలవాటుగా దాని పేరు అనుకున్నప్పుడు, నా లోపలి నుంచే జవాబు వచ్చేసరికి ఆకు కోయకుండా వెనక్కి వచ్చేశాను.

కొన్నాళ్ళకు ఆ జవాబు మారింది.

ఆ మధ్యాహ్నం మామ్మగారు నన్ను చూడటం లేదు. గదిలో ఇంకో మూల, కిటికీ కింద, నేల వైపు చూస్తున్నారు. అక్కడ ఏమీ లేదు, ఖాళీ గచ్చు తప్ప. నేను దానిమ్మ దగ్గరికొచ్చి, ప్యూనికా గ్రనేటమ్ అన్నాను.

"ఓరా ప్రో ఏయా."

పొరపాటేమోనని మళ్ళీ అన్నాను. మళ్ళీ అదే. ఇంకో పేరు చెప్పాను, ఇంకోటి చెప్పాను. నోబిస్ పోయింది. అన్నిటికీ ఏయా. గొంతు కూడా మారింది, ఒప్పజెప్పే హుషారు లేదు. ఏడుపు ఆపుకుంటూ చెప్తున్నట్టుంది. కళ్ళు మాత్రం ఆ మూల నుంచి కదలలేదు. టీచరుగారు లేచి వెళ్ళి ఆ మూలలో నిలబడ్డారు. మామ్మగారి చూపు ఆవిడ కాళ్ళ దగ్గరే, నేల మీదే ఉంది, అక్కడ ఎవరో పడుకుని ఉన్నట్టు.

"మావయ్యకి ఫోన్ చేస్తాను" అన్నారు టీచరుగారు.

మామ్మగారి తమ్ముడు రెడ్డిగూడెం అవతల ఉంటారు. మర్నాడు పొద్దున్నే ఆటోలు మారుకుంటూ వచ్చారు. వయసుకు నడుం వంగినా చూపు బాగుంది. అక్క మంచం పక్కన కూర్చుని, "ఏదీ, ఆ చెట్ల పేర్లేవో చదువమ్మా, విందాం" అన్నారు నవ్వుతూ.

చదివాను. మొదటి జవాబుకే ఆయన నవ్వు ఆగిపోయింది. రెండోదానికి కండువా తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. మూడోదానికి అక్కతో పాటు ఆయన పెదవులు కూడా కదిలాయి. తరవాతి పేరు చెప్పబోతుంటే చెయ్యి ఎత్తి ఆపారు.

"ఇది లాటిన్ ప్రార్థనమ్మా" అన్నారు. "మా చిన్నప్పుడు గుళ్ళో తెలుగు లేదు. పూజంతా లాటినే. బోర్డింగు స్కూల్లో మాకు బట్టీ పట్టించారు. అర్థం ఎవడికి తెలుసు? ఫాదర్‌గారు ఒక్కో పునీతుడి పేరు చదువుతారు, మేమందరం ఓరా ప్రో నోబిస్ అంటాం. మా కోసం వేడుకోండి అని. తర్వాత ఎప్పటికో చెప్పారులే అర్థం."

టీచరుగారు ఊపిరి పీల్చుకున్నారు. "అంతేనా మావయ్యా! నేను ఎంత భయపడ్డానో."

ఆయన అక్క వైపు చూశారు. "ఇప్పుడు మీ అమ్మ అంటున్నది నోబిస్ కాదు. ఏయా. ఆమె కోసం వేడుకోండి, అని. అది గుళ్ళో అనేది కాదు. పోతున్న ఆడమనిషి పక్కన కూర్చుని అనేది."

నా ఒళ్ళో పుస్తకం తెరిచే ఉంది.

"మా అమ్మ పోయినప్పుడు నేల మీద చాప వేసి పడుకోబెట్టారు" అన్నారాయన. "తెల్ల ఫాదర్‌గారు వచ్చి చదువుతున్నారు. జవాబు చెప్పడానికి లాటిన్ వచ్చినవాళ్ళు మేమిద్దరమే. నాకు భయమేసి గాదె వెనక దాక్కున్నాను. అక్క ఒక్కతే చెప్పింది. మధ్యలోనే అమ్మ ప్రాణం పోయింది. ఫాదర్‌గారు చూసి పుస్తకం మూసేశారు. అక్క మాత్రం ఆపలేదు. చదివేవాళ్ళు లేకపోయినా అదే మాట అంటూనే ఉంది. ఎత్తుకుని బయటికి తీసుకెళ్ళారు, బయట కూడా అంటూనే ఉంది."

ఇన్నాళ్ళూ నేను మామిడి, జామ, సీతాఫలం అనుకుంటూ చదివింది, ఆ మంచం మీద మనిషికి తన తల్లి చావు పక్కన వినపడ్డ చదువు. నా రాగం ఎవరిదో నాకు తెలియదు. దాన్ని నేను ఎక్కడా వినలేదు.

ఇక చదవనని చెప్పేశాను. పుస్తకం పట్టుకుని బస్టాండులోనో, టీ కొట్టు పక్కన అరుగు మీదో కూర్చుని, పెదవి కదపకుండా చూసుకునేదాన్ని. ఇంటికొచ్చేసరికి టీచరుగారి ముఖం వాడిపోయి ఉండేది. మామ్మగారు అన్నం ముద్ద మింగడం లేదు. నోటి దగ్గర పెడితే పక్కకు తిప్పేస్తున్నారు. మధ్యాహ్నమయ్యేసరికి పెదవులు కదులుతాయి, ఆగుతాయి, మళ్ళీ కదులుతాయి. మధ్యలో ఎవరో పేరు చెప్పాల్సిన చోట ఖాళీ వదిలి, చెవి ఒగ్గి వింటున్నారు.

మూడు రోజులు ఓర్చుకుని టీచరుగారు నా గదిలోకి వచ్చారు.

"చదువమ్మా. చివరిదాకా చదివెయ్. మధ్యలో ఆపకు."

"ఆంటీ, చదివాక ఏమన్నా అయితే? నా నోటితో..."

"నీ నోటితో చెట్ల పేర్లేగా. పోయే ప్రాణమైతే పోతుంది. ఇలా మాత్రం నేను చూడలేను."

ఊరు వెళ్ళకుండా ఉండిపోయిన మామ్మగారి తమ్ముడు, ఆ తాతగారు, మంచానికి అటు పక్క, టీచరుగారు ఇటు పక్క కూర్చున్నారు. కిటికీ మూలలో ఒక చాప పరిచి ఉంది. ఎవరు పరిచారో నేను అడగలేదు. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. పండ్లు అయ్యాయి, కూరగాయలు అయ్యాయి. బెండకు, వంకాయకు, మిరపకు ఆమె జవాబు చెప్పారు. ఈసారి తాతగారు కూడా గొంతు కలిపారు, తడబడుతూ, ఒక మాట వెనకగా. బయట ఎండ ఎలా ఉందో గానీ నాకు చలేస్తోంది. పూల దగ్గరికి వచ్చేసరికి నాకొక అనుమానం మొదలైంది, జవాబు చెబుతున్నది ఇద్దరేనా అని. తల ఎత్తలేదు. ఎత్తితే ఆ చాప కనపడుతుంది. బంతి, చామంతి, కనకాంబరం. ఆఖర్న మల్లె మిగిలింది. జాస్మినమ్ సంబక్ అని ఆగాను.

మామ్మగారు ఏమీ అనలేదు.

తాతగారు కూడా నోరు తెరిచి ఆగిపోయారు. ఆ నిశ్శబ్దంలో మామ్మగారి చూపు చాప మీద నుంచి లేచింది. మెల్లగా, నడిచివెళ్ళే మనిషి వెంట తిప్పినట్టు, గుమ్మం వైపు తిరిగింది. గుమ్మం దగ్గర కాసేపు నిలిచింది. తర్వాత ఆమె కళ్ళు మూసుకున్నారు. టీచరుగారు ముక్కు దగ్గర వేలు పెట్టి చూశారు. ఊపిరి ఆడుతోంది. గురక కూడా వస్తోంది.

సాయంత్రం లేచి పప్పన్నం తిన్నారు, కడుపునిండా. నేను గుమ్మంలో నిలబడి భయం భయంగా, "మాంజిఫెరా ఇండికా" అన్నాను. ఫ్యాను వైపు చూస్తున్న కళ్ళు కదలనే లేదు. ఆ తర్వాత ఎవరు ఏ పేరు చెప్పినా ఆమె నోరు తెరవలేదు. కూతుర్ని కూడా పిలవలేదు. టీచరుగారు దానికి బాధపడ్డారు గానీ, నన్ను మళ్ళీ చదవమని అడగలేదు.

పరీక్ష విజయవాడలో, కంప్యూటర్ మీద. శాస్త్రీయ నామాల ప్రశ్నలు వచ్చినప్పుడు జవాబు నొక్కి, తర్వాతి ప్రశ్నకు వెళ్ళే ముందు నేను ప్రతిసారీ కాస్త ఆగాను. వద్దనుకున్నా ఆగాను. పాసయ్యాను. విస్సన్నపేట వైపు ఒక ఊళ్ళో పోస్టింగు వచ్చింది. అక్కడ తోటల్లో రైతులతో మామిడి అనే అంటాను.

మామ్మగారు ఆ తర్వాతి వానాకాలం పోయారు, నిద్రలోనే. ఫోన్ రాగానే షేర్ ఆటో పట్టుకుని తిరువూరు వెళ్ళాను. ఫాదర్‌గారు కుర్రవాడు, తెలుగులో చదివారు. జనమంతా తెలుగులో బదులు చెప్పారు. తాతగారు నా పక్కనే నిలబడి వాళ్ళతో పాటు గట్టిగా చెప్పారు. నాకు ఆ మాటలు రావు. చెప్పులు విడిచి, తలమీద కొంగు కప్పుకుని, మట్టి వేసేదాకా ఊరికే నిలబడ్డాను.