రావమ్మ ముక్కు, ఉప్పు, పాస్తా

గుణదలలో ఆ వీధి వీధంతా రావమ్మ వంటని మెచ్చుకుంటుంది. రావమ్మ ముక్కుకి మాత్రం భయపడుతుంది. ఆవిడ వండుతూ రుచి చూడదు. గరిటెలోంచి ఓ చుక్క అరచేతిలో వేసుకుని నాకడమంటే ఆవిడ లెక్కలో గిన్నె మొత్తం ఎంగిలి చెయ్యడమే. ఎంగిలైన గిన్నె దేవుడికీ పనికిరాదు, మొగుడికీ పనికిరాదు. ఉప్పూ పులుపూ కారమూ అన్నీ ఆవిరి వాసన బట్టే చెప్పేస్తుంది. చల్లపల్లిలో బంధువుల పెళ్లికి వెళ్లి, విస్తరి ముందు కూర్చుని, ఇంకా వడ్డన మొదలుకాకుండానే "సాంబార్లో ఉప్పు పడలేదు, చూసుకోమనండి" అని వంటవాళ్లకి కబురు పంపిన మనిషి. వాళ్లు విసుక్కుంటూ చూసుకున్నారు. నిజంగానే పడలేదు. ఆ తర్వాత ఆ వంటవాళ్లు రావమ్మ వచ్చే పెళ్లి ఒప్పుకోవడం మానేశారని అంటారు, అది మాత్రం అతిశయం కావచ్చు.

భర్త వెంకటప్పయ్య కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. బీపీ వచ్చి ఉప్పు మానేసి పుష్కరం దాటింది. అప్పటినుంచీ ఆయన నాలికకి మజ్జిగా ఉప్పే, మామిడిపండూ ఉప్పే. అందుచేత ఆ ఇంట్లో ఉప్పు గురించి ఆయన మాట ఎవరూ చెవిన పెట్టరు. మిగతావాళ్లెవరికీ ఆ విషయం ఎత్తే ధైర్యం లేదు.

అలాంటి ఇంట్లో కోడలు అక్షయకి మూడో నెల వచ్చింది, వేవిళ్లు వచ్చాయి. వేవిళ్లు అందరికీ వస్తాయి గానీ ఈ పిల్లకి వచ్చినవి మరీ మొండివి. ముద్దపప్పు పెడితే బయటికి, చారు పోస్తే బయటికి, ఆఖరికి మంచినీళ్లు తాగినా బయటికే. "నోరంతా చేదుగా ఉందత్తయ్యా, అన్నీ ఒకటే చేదు" అని ఏడుపు మొహం పెట్టేది. ఇంటిల్లిపాదికీ బాత్రూమ్ తలుపు మీదే ధ్యాస. అక్షయ కుర్చీలోంచి కదిలితే చాలు, వెంకటప్పయ్య పేపరు పడేసి పరుగెత్తి బాత్రూమ్ లైటు వేసేవాడు. ఉద్యోగంలో ఉండగా ఆయన ఏ లైటూ అంత త్వరగా వెలిగించి ఉండడు.

రావమ్మకి మొదట్లో పౌరుషం వచ్చింది. తన వంట తిని విస్తరి ముందునుంచి లేచిపోయినవాళ్లు ఇంతవరకూ లేరు. తర్వాత ఆ పౌరుషం పోయి భయం పట్టుకుంది. పిల్ల గాజులు మోచేతిదాకా జారిపోతున్నాయి. డాక్టరమ్మ కూడా చెప్పేసింది. సోమవారానికల్లా ఏదో ఒకటి కడుపులో నిలవకపోతే ఆస్పత్రిలో చేర్చి సెలైన్ పెట్టాల్సిందేనట. ఊళ్లో కామెర్లు తిరుగుతున్నాయి కాబట్టి బయటి తిండి ముట్టుకోకూడదట.

శుక్రవారం సాయంత్రం అక్షయ గొంతు పెగుల్చుకుని అడిగింది. "అత్తయ్యా, బెంజి సర్కిల్ దగ్గర రెస్టారెంట్లో టమాటా పాస్తా ఉంటుంది. క్రీమూ చీజూ వేసి ఎర్రగా చేస్తారు. అదొక్కటే తినాలని ఉంది."

కడుపుతో ఉన్న పిల్ల నోరు తెరిచి అడిగాక లేదనడం ఆ ఇంటా వంటా లేదు. పెట్టకపోతే పుట్టే బిడ్డకి చొంగ కారుతుందని రావమ్మ గట్టి నమ్మకం. కొనుక్కొస్తే డాక్టరమ్మ తిడుతుంది. ఇంట్లో చేద్దామంటే రావమ్మ జన్మలో పాస్తా వాసన చూడలేదు. వాసన తెలియని వంట ఆవిడ ఎలా చేస్తుంది?

అందుకని మర్నాడు కొడుకు సాయిగణేష్ బైకెక్కి రెస్టారెంటుకి వెళ్లింది. తినడానికి కాదు. శనివారం ఆవిడకి ఒంటిపూట, పైగా ఆ వంటింట్లో కోడీ రొయ్యా అన్నీ ఉడుకుతాయి. ఒక్క ప్లేటు తెప్పించి, పమిట చెంగు సర్దుకుని, దాని మీదకి వంగి కళ్లు మూసుకుంది. చాలాసేపు అలాగే ఉండిపోయింది. పక్క టేబుళ్లవాళ్లు తినడం ఆపేశారు. సాయిగణేష్ సెల్‌ఫోన్‌లో తల దూర్చి, ఈవిడెవరో తనకి తెలియనట్టు కూర్చున్నాడు.

వెయిటరు కంగారుగా వచ్చాడు. "మేడమ్, వెంట్రుకేమన్నా వచ్చిందాండీ?"

"లేదు నాయనా. వెల్లుల్లి ముందు వేశారా, వెన్న ముందు వేశారా?"

అతను మేనేజర్ని పిలుచుకొచ్చాడు. మేనేజరు ప్లేటు మారుస్తానన్నాడు. వద్దని రావమ్మ ఇంకోసారి వంగి, వెన్నలో మగ్గిన వెల్లుల్లీ, బాగా దగ్గరపడిన టమాటా, మూడ్రోజుల పెరుగుకుండని గుర్తుచేసే చీజూ, వాముకి వరసకి తమ్ముడయ్యే ఏదో ఎండాకూ ఉన్నాయని తేల్చుకుని, ప్లేటు కొడుకు ముందుకి తోసింది. వాడు తిన్నాడు. ఎలా ఉందంటే "బావుందమ్మా" అన్నాడు. వాడికి చిన్నప్పటినుంచీ అన్నీ బావుంటాయి, వాణ్ణి అడగడం దండగ.

ఆదివారం పొద్దున్నే పని మొదలైంది. రైతుబజార్ టమాటాలకి అడుగున గాట్లు పెట్టి, మరిగే నీళ్లలో వేసి, తొక్కలు ఒలిచి మిక్సీలో తిప్పింది. వెన్నలో వెల్లుల్లిని రంగు మారనీయకుండా మగ్గించి, గుజ్జు పోసి, సన్నసెగ మీద నూనె పైకి తేలేదాకా ఉంచింది. పచ్చడికైనా పాస్తాకైనా నూనె తేలకపోతే టమాటా ఉడికినట్టు ఆవిడ ఒప్పుకోదు. చెయ్యి అలవాటుగా పోపుల పెట్టె మీదకి వెళ్లింది. ఆవాలు వేళ్ల మధ్యకి కూడా వచ్చేశాయి. ఆ ఆవాల్ని తిరిగి అరలో పొయ్యడానికి ఆవిడ ఎంత నిగ్రహం చూపించిందో చూసినవాళ్లెవరూ లేకపోవడం అన్యాయం. తర్వాత గిన్నె దించి, చిలికిన మీగడ కొంచెం కొంచెంగా కలిపి, కొబ్బరి కోరాంతో చీజ్ కోరి పోసింది. సాయిగణేష్ తెచ్చిన ఎండాకు కూడా నలిపి వేసింది. రంగు అచ్చు రెస్టారెంటు రంగే.

ఉప్పు కూడా వేసింది. పాస్తా ఉడికే నీళ్లలో ఓ గుప్పెడు, గుజ్జులో టమాటా పులుసుకి వేసినట్టే కొలత. ప్యాకెట్ వెన్నలోనూ చీజులోనూ ముందే ఉప్పు ఉంటుందని ఆవిడకి తెలియదు. చీజు వాసన మిగతా వాసనలన్నిటి మీదా దుప్పటి కప్పేసింది కాబట్టి ముక్కు కూడా చెప్పలేదు.

వెంకటప్పయ్య ఈ హడావుడి చూద్దామని వచ్చి, స్పూనుతో కాస్త ప్లేట్లో వేసుకుని నాలిక్కి రాసుకున్నాడు. "ఉప్పు ఎక్కువైందే."

"మీకు కాఫీలోనూ ఎక్కువే. వెళ్లి పేపర్ చదువుకోండి" అంది రావమ్మ.

ఆయన జీవితంలో ఉప్పు గురించి చెప్పిన ఒకే ఒక్క నిజం అలా గాలికి పోయింది.

పక్క పోర్షన్ నసీమా కరివేపాకు కోసం వచ్చింది. గిన్నెలోకి చూసి, "మా అమ్మాయి అఫ్సా కూడా చేస్తుందండీ ఇది. చీజ్ వేస్తే ఇంక ఉప్పు ముట్టుకోదు పిన్నిగారూ" అంది.

రావమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. జన్మలో చెయ్యని పని చేసింది. ఓ గిన్నెలో కాస్త పోసి నసీమా ముందు పెట్టింది. "నువ్వొకసారి చూసి చెప్పమ్మా."

"రోజా ఉన్నాను కదండీ. సాయంత్రం దాకా మంచినీళ్లు కూడా ముట్టను" అంది నసీమా నొచ్చుకుంటూ.

వంటిల్లు ఖాళీ అయింది. గదిలో అక్షయ పడుకుని ఉంది. రేపు సోమవారం. ఇది కూడా బయటికొచ్చేస్తే పిల్లని తీసుకెళ్లి సూది గుచ్చి మంచమ్మీద పడుకోబెడతారు. రావమ్మ గోడమీద వెంకటేశ్వరస్వామి పటం వైపు చూసింది. ఆయన కళ్లు నామాలతో మూసి ఉన్నాయి, అది కాస్త నయం. చటుక్కున గరిటె అంచునుంచి ఓ చుక్క అరచేతిలో వేసుకుని నాకింది.

హంసలదీవిలో పుణ్యస్నానానికి మునిగినప్పుడు నోట్లోకి పోయిన సముద్రమే అది.

మళ్లీ టమాటాలు ఉడికాయి. ఈసారి ఉప్పులేని గుజ్జు, దాన్ని తెచ్చి ఆ ఉప్పు సాసులోనే పోసింది. పొద్దుటి పాల మీగడంతా పోయింది, చిటికెడు పంచదార పడింది, చిన్న గిన్నె చాలక పెళ్లిళ్ల గుండిగ కిందకి దిగింది. కొత్త పాస్తా ఉప్పు లేకుండా ఉడికింది. ఒకసారి ఎంగిలి అయ్యాక ఇంక మొహమాటమేముంది? పోసినప్పుడల్లా రావమ్మ రుచి చూసింది. ఉప్పు కోసం చూసింది, పులుపు కోసం చూసింది, తర్వాత దేనికోసమో చెప్పకుండానే చూసింది. అరచేయి పోయి గరిటె వచ్చింది. ఇన్నాళ్లూ వంటవాళ్లు ఎంత సుఖపడుతున్నారో ఆవిడకి ఇప్పుడే తెలిసింది.

మధ్యాహ్నం అక్షయ ప్లేటు ఖాళీ చేసింది. సాయిగణేష్ గడియారం వైపు చూడకుండా చూస్తున్నాడు. వెంకటప్పయ్య ముందే లైటు వేసి, తలుపు బార్లా తీసి, బకెట్లో నీళ్లు పట్టి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఇది చూడలేక రావమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది. అక్కడ ఊరికే కూర్చోలేక, గుండిగలో మిగిలిన సాసు వేడన్నంలో కలుపుకుని, తింటూ కూర్చుంది. నసీమాకి సాయంత్రం ఇఫ్తారుకని ఓ డబ్బా తీసి పక్కన పెట్టింది, మిగిలిందంతా తన పళ్లెంలోకే వచ్చేసింది.

చాలాసేపటికి కుర్చీ జరిగిన చప్పుడైంది. వెంకటప్పయ్య బకెట్టుతో సహా పక్కకి తప్పుకున్నాడు. అక్షయ బాత్రూమ్ దాటి వెళ్లిపోయి వంటింటి గుమ్మంలో ఆగింది.

"అత్తయ్యా, ఇంకొంచెం ఉందా?"

రావమ్మ తలెత్తి చూసింది. పిల్ల మొహంలోకి రంగు వచ్చింది. నుదుటిమీద చెమట లేదు. "పాస్తా అయిపోయిందమ్మా. అన్నంలో కలిపేసుకున్నాను. ఉండు, ఇది ఎంగిలి, వేరే కలిపి..." అంటూ లేవబోయింది.

అక్షయ కింద చతికిలబడి నోరు తెరిచింది.

రావమ్మ ఒక్క క్షణం పళ్లెం వైపు చూసుకుంది. తర్వాత ఆ పళ్లెంలోంచే ముద్ద చేసి కోడలి నోట్లో పెట్టింది. అక్షయ నిదానంగా నమిలింది. మింగింది. పెదాలు తుడుచుకుని, ఆ ఇంట్లో ఇన్నేళ్లుగా ఎవరూ అనడానికి సాహసించని మాట అంది.

"ఉప్పు కొంచెం తగ్గినట్టుందత్తయ్యా."

ఇన్నాళ్లూ అన్నీ చేదే అన్న పిల్లకి ఉప్పు తెలుస్తోంది. రావమ్మ పమిటతో కళ్లు ఒత్తుకుని, నవ్వుకుంటూ, ఎడంచేత్తో ఉప్పు డబ్బా అందుకుంది.