రాజన్న కాక కట్టించిన ఎర్ర కారు

మొన్న కరీంనగర్‌లోని నా మగ్గం వర్క్ కొట్టుకు ఒక పెళ్లికూతురు జాకెట్టు చూసుకోవడానికి వచ్చింది. కూర్చున్నచోటే దూదితో గోళ్ల రంగు తుడుచుకుంటుంటే ఆ ఘాటు వాసన గదంతా పరుచుకుంది. నా చేతిలో సూది ఆగిపోయింది. ప్లాస్టిక్ కారు ముక్కలు అతికించే జిగురుకూ ఇలాంటి వాసనే ఉండేది. దాని వెంటే రాజన్న కాక గుర్తుకొచ్చాడు.

కాక మా పక్కింటాయన. షార్జాలో ఒక గ్యారేజీలో కార్లకు రంగులు వేసి, వయసు మళ్లాక తిరిగొచ్చాడు. అక్కడ సెలవు రోజుల్లో పట్టుకున్న సరదా ఇక్కడా వదల్లేదు. డబ్బాల్లో విడి ముక్కలుగా వచ్చే బొమ్మ కార్లను అతికించి, రంగులద్ది, అద్దాల బీరువాలో నిలబెట్టేవాడు. ముసలోడికి పిల్లల ఆటలేమిటని వాడకట్టు నవ్వేది. ఆయనా కలిసి నవ్వేవాడు.

నేను బండి మీద నుంచి పడి కుడిచేతి మణికట్టు విరగ్గొట్టుకున్న ఏడాది, కట్టు విప్పాక కూడా వేళ్లు నా మాట వినలేదు. సూది పట్టుకుంటే జారిపోయేది. మగ్గం పని తప్ప నాకు మరొకటి రాదు. బట్టల దుకాణంలో ఏదైనా పని దొరుకుతుందా అని అవ్వ, అంటే మా అమ్మ, అప్పటికే అడగడం మొదలుపెట్టింది. ఒకరోజు కాక మా గడప దగ్గర నిలబడ్డాడు.

“డాక్టర్ ఏమన్నడు బిడ్డా?”

“వేళ్లు ఆడియ్యమన్నడు కాకా. గీ చెయ్యి ఇగ పనికస్తదనిపిస్తలేదు.”

“దా, మా ఇంటికి. పని నేను చూపిస్త.”

ఆయన బల్ల మీద ఒక డబ్బా ఉంది. మూత మీద వెనకటి కాలపు రేసు కారు బొమ్మ: పొడుగాటి ముక్కు, సన్నటి ఊచల చక్రాలు, మిరపపండు ఎరుపు. లోపల గోరంత ముక్కలు. ఆ రోజు నుంచి మధ్యాహ్నాలన్నీ అక్కడే గడిచాయి. కాక ఎదురుగా కూర్చుని చాయ్ తాగుతూ చూసేవాడే తప్ప ఒక్క ముక్కా ముట్టలేదు. “గీ ఒక్కటి నువ్వు పెట్టు కాకా” అని బతిమాలితే, “నేను పెడితే నా కారయితది” అనేవాడు.

ముందు చక్రం బిగిస్తుండగా దాని ఊచలు నా వేళ్ల మధ్యే పటుక్కున విరిగాయి. ఏడుపొచ్చింది. లేచి వెళ్లిపోబోయాను. కాక మాత్రం విరిగిన చక్రాన్ని వెలుతురుకు ఎత్తి చూసి ఎగిరి గంతేసినంత పని చేశాడు.

“అరే, ఇరిగిందంటే నువ్వు గట్టిగ పట్టినవన్నట్టు! మొన్నటిదాంక నీకు పట్టనే రాలే గద!”

నేను నా వేళ్లను చూసుకున్నాను. నిజమే. మళ్లీ కూర్చున్నాను. జిగురు చుక్కలతో ఒక్కో ఊచా అతికించేసరికి పొద్దు వాలింది.

చివరికి మిగిలింది నీళ్లలో తడిపి అంటించే రేసు నంబరు స్టిక్కరు. సన్నటి ఆ పొరను కారు ముక్కు మీదికి జార్చి, బొటనవేలితో మడత పడకుండా సరిచేశాను. వేలు వణకలేదు. కాక ఒక్క ఉదుటున వాకిట్లోకి పోయి అరిచాడు. “అక్కా, ఉరికిరా! నీ బిడ్డ కారు తయారు చేసింది!” పిండి చేతులతోనే అవ్వ పరుగెత్తుకొచ్చింది. నవ్విన వాడకట్టంతా వంగి వంగి చూసింది. ఆ వారమే మళ్లీ మగ్గం ముందు కూర్చున్నాను. మొదట కుట్టింది పెళ్లి జాకెట్టు కాదు, కాక చొక్కా జేబు మీద చిన్న ఎర్ర కారు.

ఉన్నన్నాళ్లూ ఏ పెళ్లికైనా ఆయన ఆ చొక్కాతోనే వెళ్లాడు. ఎవరూ అడక్కపోయినా జేబు చూపించి, “మా బిడ్డ చేతిపని” అని మురిసేవాడు. నేను కొట్టు పెట్టిన మొదటి రోజు కూడా దాన్నే తొడుక్కుని వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నాడు.

ఇప్పుడు ఈ పని ఎక్కడ నేర్చావని అడిగేవాళ్లకు నా మగ్గం గురువు పేరు చెబుతాను. ఆ తరువాత, వాళ్లు అడక్కపోయినా సరే, రాజన్న కాక సంగతి కూడా చెబుతాను.