మట్టం కార్డు

మా బావ ఇరవై ఆరేళ్ళు ఒక రాతిబల్లను తుడిచాడు. వేళాకోళం కాదు, ఆయన ఉద్యోగమే అది. యూనివర్సిటీ ఇంజనీరింగ్ విభాగంలో రెండు మంచాలు కలిపి వేసినంత నల్లరాతి బల్ల ఉంది. దాని మీద ఒక నమూనా ఉపగ్రహం అడుగు నుంచి గాలి చిమ్ముకుంటూ వెంట్రుకవాసి ఎత్తున తేలుతుంది. పైన ఆకాశంలో ఉపగ్రహాన్ని ఎలా తిప్పాలో, ఎలా నిలపాలో పరిశోధన పిల్లలు కింద ఈ రాయి మీద నేర్చుకుంటారు. బల్ల కాస్త ఒక పక్కకు వాలినా ఉపగ్రహం అటే జారిపోతుంది. అందుకని బావ నెలకోసారి బుడగ తేలే రసమట్టం పెట్టి చూసి, బల్ల కిందికి దూరి కాళ్ళ మరలు బిగించి, గోడకు వేలాడే కార్డు మీద ‘మట్టం సరిగా ఉంది’ అని రాసి సంతకం పెట్టాలి. పిల్లలు ఆయన్ని బల్ల బాబాయ్ అంటారు. నేను అక్కడే స్టోరు గుమాస్తాను. అక్క మొగుడు కాబట్టి నేను ఇంకా చాలా అంటాను.

ఆ గదిలో రెండో సగం డ్రైవరు లేని బుల్లి బండ్లది. నేను సామాను ఇవ్వడానికి వెళితే ఒక బండి వచ్చి నా మడమకే గుద్దుతుంది. అడ్డం ఉన్నవి చూసి ఆగడమే దాని చదువట! నాకు ఒళ్ళు మండిపోయేది. బావ మాత్రం నవ్వేవాడు కూడా కాదు. చివరి ఏళ్ళలో ఆయన దేనికీ నవ్వలేదు. మోకాళ్ళు అరిగిపోయాయి. బల్ల కిందికి దూరితే లేవలేక నన్ను కేకేసేవాడు. ఒక దశలో కేకలు ఆగిపోయాయి. మోకాళ్ళు బాగుపడ్డాయనుకున్నాను. నా తెలివి అలా తెల్లారింది.

బావ రిటైరయ్యే ఏడు ఒక పరిశోధన అమ్మాయికి ఆరేళ్ళ గడువు ముగిసిపోతోంది. పరీక్షకుల ముందు ఉపగ్రహాన్ని ఐదు నిమిషాలు ఒకే చోట నిలిపి చూపించాలి. లేదంటే పట్టా లేదు, ఆరేళ్ళూ మట్టిపాలు. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి, రెండు ముద్దలు తిని మూత పెట్టేసేది. కళ్ళ కింద నలుపు. ఇంటి నుంచి ఫోను వస్తే, అయిపోవచ్చిందమ్మా, అయిపోవచ్చింది అని ఒకటే మాట.

బావ ఉద్యోగం కూడా ఆ పరీక్ష నెలతోనే ఆఖరు. పరీక్ష ముందురోజు మధ్యాహ్నం ఆయన నన్ను కేకేశాడు. చాలా కాలానికి విన్న కేక. వెళితే బల్ల కింద చెమటతో తడిసి ఉన్నాడు. చేయి పట్టి లేపాను. ఏం చేస్తున్నావంటే, ఏమీ లేదు పొమ్మన్నాడు.

మర్నాడు పొద్దున ఇద్దరు పరీక్షకులు, ప్రొఫెసరు వచ్చి కూర్చున్నారు. అమ్మాయి గాలి మీట నొక్కింది. ఉపగ్రహం లేచింది, నిమిషం నిలిచింది, తరువాత మెల్లగా కిటికీ వైపు జరిగి అంచు రబ్బరుకు కొట్టుకుంది. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. ఆ పిల్ల నాలుగోసారి మీట వైపు చెయ్యి చాపింది. ప్రొఫెసరు టీ పేరు చెప్పి అరగంట ఆపించాడు.

బావ నన్ను స్టోరులోకి లాక్కెళ్ళి తలుపు వేశాడు. నాలుగేళ్ళుగా మట్టం చూడకుండానే కార్డు మీద సంతకాలు పెడుతున్నాడట. “ఎప్పుడు చూసినా సరిగ్గానే ఉండేదిరా. ఒళ్ళు అలిసిపోయి ఒక నెల చూడకుండా రాశాను. ఏమీ కాలేదు. రెండో నెలా రాశాను,” అన్నాడు. ఆ కాలంలోనే పక్కగదిలో బరువైన యంత్రమేదో దించారు, నేల ఒక మూల కుంగింది, ఉపగ్రహం తలుపు వైపు జారడం మొదలైంది. అప్పటి కుర్రాడెవరో కార్డు చూశాడు. మట్టం సరిగా ఉంది, కాబట్టి తప్పు తన ప్రోగ్రాములోనే ఉందనుకున్నాడు. ఉపగ్రహాన్ని ఎప్పుడూ కాస్త ఎదురు పక్కకు, కిటికీ వైపు నెట్టే అంకె ఒకటి అందులో పెట్టాడు. ఆ తరువాత బల్ల మీద పని మొదలుపెట్టినవాళ్ళంతా సీనియర్ల అంకె అని దాన్ని ముట్టుకోకుండా ఎత్తి రాసుకున్నారు. తీస్తే తలుపు వైపు జారుతుంది బాబాయ్ అని ఈ అమ్మాయే ఒకసారి చెప్పిందట. నిన్న బావ, ఈ పిల్లకైనా సరిగా చేద్దామని, బల్లను సరిచేశాడు. అంకె సంగతి అప్పుడు ఆయనకు తట్టలేదు, అది ప్రోగ్రాములో అలాగే ఉంది.

నేను ఒకటే చెప్పాను. మరను వెనక్కి తిప్పెయ్, అరగంట ఉంది, ఎవరికీ తెలియదు, పిల్ల గట్టెక్కుతుంది, నీ పరువూ నిలుస్తుంది.

“ఇక్కడ రాయి వాలింది కాబట్టి ఆ అంకె పనిచేసింది. పైన రాయి ఉండదురా,” అన్నాడు బావ.

గదిలోకి తిరిగి వెళ్ళి అందరి ముందూ నిలబడి చెప్పేశాడు. “మట్టం నేను చూడలేదండీ. నాలుగేళ్ళుగా చూడలేదు. ఆ కార్డు మీద రాసిందంతా అబద్ధం. వాలిన బల్లను నిన్ననే సరిచేశాను.” అమ్మాయి ఆయన్ని చూడలేదు. ప్రోగ్రాము తెరిచి ఆ అంకెను సున్నా చేసింది. ఉపగ్రహం ఐదు నిమిషాలూ కదలకుండా నిలిచింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలో ఒక పరీక్షకుడు మెల్లగా అడిగాడు, పరిశోధన పుస్తకంలోని లెక్కలన్నీ వాలిన బల్ల మీద తీసినవేనా అని. అమ్మాయి అవునంది. అయితే అన్నీ మళ్ళీ తీయాలి. గడువేమో లేదు. తప్పు పరికరానిదని దాని బాధ్యుడు రాసిస్తేనే గడువు పొడిగిస్తారని ప్రొఫెసరు చెప్పాడు.

బావ కుర్చీ లాక్కుని కాగితం అడిగాడు. నాలుగేళ్ళ సంగతీ రాసి సంతకం పెట్టాడు. అమ్మాయికి ఎనిమిది నెలలు దొరికాయి. బావకు వీడ్కోలు సభ రద్దయింది. సభకని మా అక్క ఇస్త్రీ చేయించిన చొక్కా అల్మారాలోనే ఉండిపోయింది. ఆ రోజు అమ్మాయి ఆయనతో అన్నది రెండు ముక్కలే. “నాలుగేళ్ళు, బాబాయ్.”

ఉద్యోగం అయిపోయాక కూడా బావ ఆ ఎనిమిది నెలలూ రోజూ వచ్చాడు. ప్రొఫెసరును బతిమాలి అనుమతి తెచ్చుకున్నాడు. తుడిచేవాడు, మట్టం చూసేవాడు, కిందికి దూరి మరలు సరిచేసేవాడు, నేను లేపేవాడిని. ఆయన చూశాక అమ్మాయి రసమట్టం తీసుకుని మళ్ళీ మొదటి నుంచి చూసేది. అంతసేపూ ఆయన గోడ పక్కన నిలబడే ఉండేవాడు. పెద్దాయన మీద ఆ మాత్రం నమ్మకం లేకపోతే ఎలా అని ఒకసారి అమ్మాయితో అనబోయాను. నోరు మూసుకోమని బావ కళ్ళతోనే కసిరాడు.

చివరి ప్రయోగం రోజున బావ మట్టం చూసి పక్కకు జరిగాడు. అమ్మాయి రసమట్టం వైపు చూడనే లేదు. నేరుగా గాలి మీట దగ్గరకు వెళ్ళింది. హమ్మయ్య అనుకున్నాను. బావ కుంటుకుంటూ వెళ్ళి మీట మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

“చూసి మొదలుపెట్టమ్మా,” అన్నాడు.

ఆమె ఆయన చేతి వైపు చూసింది. తరువాత రసమట్టం తెచ్చి బల్ల మీద నాలుగు మూలలా పెట్టి వంగి చూసింది.

“సరిగా ఉంది, బాబాయ్.”

అప్పుడు గాని ఆయన చెయ్యి తీయలేదు.