మిషన్ హాయ్ చెప్పిన రోజు

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు భయం లేని క్షణమంటూ ఉండేది కాదు. చెన్నూరు అవతల ఒక పల్లెకు నర్సుగా వేశారు. ముప్పై దాటిన వాళ్ళందరికీ నడుము కొలిచి, వేలు గుచ్చి, షుగర్ ప్రమాదం ఎవరికుందో ముందే కనిపెట్టాలి. (శిక్షణలో మా వేళ్ళు మేమే గుచ్చుకున్నాం. అందరం పడుచువాళ్ళం, ఎవరికీ ఏమీ రాలేదు.) తీరా ఊళ్ళో టేపు బయటికి తీస్తే, "ఏం బిడ్డా, సర్కారోళ్లు లాగులు కుట్టిస్తరా?" అని అందరూ ఒకటే నవ్వు.

మొదట ముందుకొచ్చింది పహిల్వాన్ కాక అనే పెద్దాయన. గట్టు మీది సీతాఫలాలు కోసి, తింటూ తింటూ వచ్చాడు. వెంట ఆయన భార్య, ఊరంతా చిన్నమ్మ అనే మనిషి. ముందు ఆమెను కూర్చోమన్నాను. "నాకేం రోగం బిడ్డా! పొద్దంత చేన్లనే ఉంట. గాయిన పొట్ట జూడు ముందు" అంది. కాక వేలు స్పిరిటు దూదితో తుడిచి గుచ్చాను. మిషన్ కాసేపు ఆలోచించి, అంకెలకు బదులు రెండు ఇంగ్లీషు అక్షరాలు చూపించింది. కాక తొంగి చూసి, "హాయ్ అంటుంది గద! నా ఫోన్ల గూడ గిట్లనే వస్తది" అని మురిసిపోయాడు. అది పలకరింపు కాదు, హై. అంటే షుగర్ తన కొలతకు అందనంత ఎక్కువుందని మిషన్ చేతులెత్తేయడం. పక్క వేలు గుచ్చాను. మళ్ళీ హాయ్.

"దవాఖానకు పోదాం కాకా, ఇప్పుడే" అన్నాను. ఆటో ఎక్కగానే చిన్నమ్మ శోకాలు అందుకుంది. కాక అప్పగింతలు మొదలుపెట్టాడు. "ఎడ్లను జంట విడదియ్యకుండ్రి. బోరు కాడ పైపు పలిగింది, జర చూస్కోండ్రి. నువ్వు ఏడ్వకే, నాకు పరేషాన్ అయితది." నేను ఆయన నాడి పట్టుకుని కూర్చున్నాను. కన్ను మూతపడితే చాలు, "కాకా! కాకా!" అని కుదిపేస్తున్నాను. (అది ఆయన రోజూ కునుకు తీసే వేళ అని నాకేం తెలుసు?)

దవాఖానలో డాక్టరమ్మ ఆయన చెయ్యి పట్టి చూసి, "సబ్బుతో కడుక్కుని రా" అంది. కడిగాక గుచ్చితే ఏ వంకా లేదు. "వేళ్ళకు పండు గుజ్జు అంటుకుంది. స్పిరిటుతో అంత తేలిగ్గా పోదు. మీ మిషన్ సీతాఫలాన్ని కొలిచింది" అంది. నేను బెంచీ మీద కూలబడ్డాను. ఏడ్చి ఏడ్చి అలిసిన చిన్నమ్మ నా పక్కన చేరి, "జర నీళ్లున్నయా బిడ్డా? గీ నడుమ ఎంత తాగినా దూప తీరుతలేదు" అంది.

డాక్టరమ్మ, నేను మొహాలు చూసుకున్నాం. ఆమె చెయ్యి కడిగించి గుచ్చాను. ఈసారి మిషన్ అంకెలే చూపించింది. వాటిని చూసి ఎవరమూ నవ్వలేదు. "ఇప్పుడన్నా దొరికింది. మందులు వాడితే ఫికర్ లేదు" అంది డాక్టరమ్మ.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో కాక చిన్నమ్మ వైపు జరిగాడు. "నేను పోతనని గంత ఏడిస్తివి. గిప్పుడు నేనేం చెయ్యాలె?" అన్నాడు.

"రేపటి సంది ఛాయ్ నువ్వే పెట్టు. నేను పెడితే చక్కెర పడ్తది" అంది చిన్నమ్మ.

చిన్నమ్మ ఇప్పటికీ చేనుకు పోతూనే ఉంది. నేనెప్పుడు ఆ వాడకు పోయినా ఛాయ్ తాగందే కాక కదలనివ్వడు. చక్కెర సరే, పాలు కూడా ఎందుకు మానేశాడో ఎవరికీ తెలియదు. "ఎట్లుంది బిడ్డా?" అని అడుగుతాడు. చిన్నమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. ఆనాటి పిల్లనైతే మొదటి గుక్కకే మొహం చిట్లించేదాన్ని. ఇప్పుడు, "మంచిగుంది కాకా" అని గ్లాసు ఖాళీ చేసి, ఇంకాసేపు కూర్చుంటాను.