రోడ్డు వెడల్పంత అఫార్

ఆ పదం తీసేయమని ఊరుకుంటే తీయించేదాన్నేమో. "అసలది తప్పు" అన్నాడు చూడండి మా ఓనరు, అక్కడే నాకు మండింది.

పోయిన ఏడాది, కావలి. ఒక స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్లో ట్రైనర్‌గా చేరిన కొత్త. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన నాకు ఆ ఊళ్లో క్లాసు అయిపోతే మాట్లాడటానికి మనిషి లేదు. ఫోనే దిక్కు. గ్రూపులో స్నేహితుల ఫొటోలు చూస్తూ అన్నం తినేదాన్ని.

మా పనిలో ముఖ్యమైనది సెల్ఫ్ ఇంట్రో, అంటే ఇంటర్వ్యూలో ముందుగా మన గురించి చెప్పుకునే నాలుగు ముక్కలు. ఓనరు రాసిచ్చిన ఒకే పాఠాన్ని అందరిచేతా బట్టీ పట్టించాలి.

నా క్లాసుకొచ్చే షబానా అక్క మాత్రం దానికో వాక్యం కలిపింది. డిగ్రీ చదివి, పెళ్లయ్యాక గాజుల కొట్లో కూర్చున్న మనిషి. కొట్టు ఎదురుగా ఉన్న ప్రైవేటు స్కూల్లోనే టీచర్ పోస్టు పడింది. "ఐ హావ్ వాచ్డ్ యువర్ స్కూల్ ఫ్రమ్ అఫార్" అని చెబుతానంది. అఫార్ నేను నేర్పిందే. ఫ్రమ్ అఫార్ అంటే దూరం నుంచి అని అర్థం. కథల్లో, కవితల్లో తగులుతుంది, మామూలు మాటల్లో తక్కువ.

మాక్ ఇంటర్వ్యూలో, అంటే ఉత్తుత్తి ఇంటర్వ్యూలో, అది విని ఓనరు పగలబడి నవ్వాడు.

"ఏందమ్మా, అసలది తప్పు. మధ్యలో ఉండేది ఒక్క రోడ్డేగా! అంత దూరం కోవూరు నుంచి చూసినావా ఏంది?"

"రోజూ పిల్లోళ్ల ప్రేయర్ వింటా ఉంటా సార్. గేటు లోపలికి మాత్రం ఒక్కసారి గూడా పోలేదు" అందామె.

నేను ఆగలేకపోయాను. "పక్క బెంచీ పిల్లని మాట్లాడకుండా ప్రేమించినా ఫ్రమ్ అఫార్ అనే అంటారు సార్. దాన్ని కిలోమీటర్లలో కొలవరు!"

"నీ కవిత్వం నీ దగ్గరే పెట్టుకో తల్లీ. ఆయమ్మకి ఉద్యోగం రాకపోతే నువ్విస్తావా?"

ఇంటర్వ్యూ అయ్యాక అక్క ఫోన్ చేసింది.

"చెప్పినాను మేడం. నవ్వినారు. వేరే ఆమెని తీసుకున్నారంట."

"ఆ మాట నేనే వద్దనాల్సింది అక్కా."

"ఎందుకు? మన సెంటరోళ్లం ముగ్గురం పోయినాం. ముగ్గురిదీ ఒకటే పాట, మై వీక్‌నెస్ ఈజ్ హార్డ్ వర్క్! నా వంతొచ్చేసరికి ఇంటర్వ్యూ చేసే సారే ఆ పాట పూర్తిచేసినాడు. ఆ ఒక్క మాటకే తలెత్తి నా మొగం చూసినాడు మేడం. ఉండు, బేరమొచ్చింది."

ఫోన్ పెట్టేసింది.

అప్పటినుంచి నా దగ్గరికొచ్చే వాళ్లతో ఒక్క వాక్యమైనా సొంతంగా చెప్పిస్తున్నాను. ఓనరు ఇప్పటికీ "నీ అఫార్ వల్లే ఆమెకి ఉద్యోగం రాకుండా పోయింది" అంటాడు. మీరూ అదే అంటారా? అయితే ఓ పొద్దున ప్రేయర్ బెల్లు కొట్టేటప్పుడు ఆమె కొట్లో కూర్చుని, ఆ గేటు వైపు చూసి నాకు చెప్పండి: అది దగ్గరేనా?