చరణానికి పదమూడు బార్లు

2023లో విజయనగరంలోని నా రికార్డింగ్ గదిలో ఒక ఆల్బమ్ మొదలైంది. అది పూర్తయ్యేలోగా పోయినవి ఇవి: ఇద్దరు డ్రమ్మర్లు, ఒక బేస్ గిటారిస్టు, పనికిరాని ముప్పై ఒక్క టేకులు, బ్యాండుకు పెట్టుకున్న రెండు పేర్లు. చివరికి గిటారిస్టు ఆనంద్ కూడా పుణేలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. పోయేముందు మాత్రం ఆరు పాటలకూ గిటారు, బేస్ తానే వాయించి ఇచ్చాడు.

మిగిలింది పాడే అమ్మాయి ప్రసన్న. పాతపట్నం పిల్ల. పది రోజుల్లో బరంపురంలో నర్సుగా చేరాలి. చేరితే మళ్ళీ ఎప్పుడు కుదురుతుందో తెలియదు. ఆ పది రోజుల్లో కాకపోతే ఆల్బమ్ లేనట్టే.

నేను సంగీతం నేర్చుకోలేదు, లెక్కపెట్టడం నేర్చుకున్నాను. వాళ్ళది బ్లూస్-రాక్. దిగులు పాటను డ్రమ్స్, ఎలక్ట్రిక్ గిటార్ల మీద గట్టిగా పాడతారు. చరణానికి పన్నెండు బార్లు, అంటే పన్నెండు తాళావర్తాలు; బార్‌కి నాలుగు దెబ్బలు. నాలాంటివాడికి ఇంతకంటే సుఖమైన సంగీతం లేదు.

డ్రమ్స్‌కి ప్రసన్న ఎచ్చెర్ల నుంచి దావీదు మావని తీసుకొచ్చింది. ఆయన వారమంతా తాపీ పని, ఆదివారం బాప్టిస్టు చర్చిలో డ్రమ్స్. హెడ్‌ఫోన్లు పెట్టి క్లిక్ వినిపించాను. క్లిక్ అంటే వేగం తప్పకుండా చెవిలో టిక్కు టిక్కుమనే చప్పుడు. ఆయన రెండు నిమిషాల్లో తీసి పక్కన పెట్టేశాడు. సరే, ఆయన్నీ ప్రసన్ననీ ఎదురెదురుగా కూర్చోబెట్టి డ్రమ్సూ పాటా రికార్డు చేసి, ఆనంద్ గిటారు తర్వాత కలుపుదామనుకున్నాను. నాలుగు రోజుల్లో ఆరు పాటలూ అయిపోయాయి.

ఐదో రోజు కలిపితే, క్లిక్ లేకపోయినా వేగం సరిపోయి, మొదటి చరణం చక్కగా కుదిరింది. రెండో చరణంలో ప్రసన్న నోరు తెరవకముందే గిటారు పరుగెత్తింది. లెక్కపెట్టాను, మొదటి చరణానికి మావ వాయించింది పదమూడు బార్లు. మిగతా పాటలూ చూశాను. ప్రతి చరణానికీ పదమూడే.

"ఏటి మావా, పన్నెండుతో అయిపోవాల కదా?" అని అడిగాను.

"అయిపోనాదని నాకూ తెలుసు. మా సర్చీలో సరణం అయ్యాక ముసిలోళ్ళు పుస్తకంలో తరవాతి సరణం ఎతుక్కోవాల. అందాకా నేను వాయిస్తన్నే ఉంటాను."

"ఇక్కడ ముసిలోళ్ళు ఎవులున్నారు?"

"నువ్వున్నావు కదా," అన్నాడు నిదానంగా.

మళ్ళీ రికార్డు చేయాలంటే ఐదు రోజులే ఉన్నాయి. ప్రసన్న పాత డ్రమ్మరుతో పాడిన టేకునీ కొత్తదాన్నీ పక్కపక్కన వినిపించమంది. పాతదాంట్లో మూడో చరణానికే ఆమె గొంతు ఆయాసపడుతోంది. కొత్తదాంట్లో నాలుగో చరణం కూడా నిండుగా ఉంది.

"డ్రమ్స్ ముట్టుకోకండన్నా. గిటారే కొయ్యండి. నాకు ఊపిరి తీసుకోడానికి ఇన్నాళ్ళకి ఎవులో జాగా ఇచ్చేరు," అంది.

కోశాను. ఆరు పాటలు, పాటకు నాలుగు చరణాలు, ఇరవై నాలుగు చోట్ల గిటారునూ బేస్‌నూ ఒక బార్ వెనక్కి జరిపాను. ఆ ఖాళీల్లో దావీదు మావ డ్రమ్స్, ప్రసన్న ఊపిరి మాత్రమే వినిపిస్తాయి. తొమ్మిదో రోజు సాయంత్రానికి ఆల్బమ్ సిద్ధం.

ఫోనులో విన్న ఆనంద్ ముందు ఉడుక్కున్నాడు. "నా గిటారుని కోడిని కోసినట్టు కోసీసినావేటన్నా?" అన్నాడు నాతో. రెండోసారి విన్నాక నవ్వాడు. ఆ ఖాళీలన్నీ తనే వచ్చి నింపుతానని మాటిచ్చాడు.

అప్పటినుంచి ఎవరు పాడడానికి వచ్చినా, క్లిక్ పెట్టకముందే ఊపిరి ఎక్కడ తీసుకుంటారో అడిగి రాసుకుంటున్నాను. బార్లు ఆ తర్వాతే లెక్కపెడతాను.

ఆనంద్ ఒకసారి వచ్చాడు. మూడు బార్లు వాయించి, మిగతావి భోజనం చేశాక అన్నాడు. భోజనం చేసి రైలెక్కేశాడు. ఇంకా రావాల్సినవి ఇరవై ఒక్క బార్లు.