పొయ్యిరాతి మీది బొట్టు

సాఫ్ట్‌వేర్‌లో ఇతరుల తప్పులు పట్టడమే పద్మనాభం ఉద్యోగంగా ఉండేది. రిటైరయ్యాక ఆ అలవాటు అమెరికాలోని నేపర్‌విల్ తెలుగువాళ్ల శనివారం నడక బృందానికి పనికొచ్చింది. ముందు ఆయన నడుస్తాడు, మిగతావాళ్లు వెనక. ఎవరైనా పువ్వు తెంపినా, నారింజ తొక్క పారేసినా ఆయన కళ్లు కప్పలేరు.

ఆ శనివారం గాలి ఈడ్చి కొడుతోంది. నడుమెత్తు ఎండుగడ్డి నేలకు వాలి మళ్లీ లేస్తోంది.

“అన్నయ్యగారూ, నా స్కార్ఫ్ నాకన్నా ముందు పక్క రాష్ట్రం ఇండియానా చేరేలా ఉంది!” అని వెనకనుంచి అరిచింది లక్ష్మీకాంతం.

“టైట్‌గా కట్టుకోండి. ఆ టర్న్ తిరిగితే హౌస్ వచ్చేస్తుంది.”

ఇల్లంటే ఇల్లు కాదు. ఎప్పుడో ఈ బయల్లో సేద్యానికి వచ్చినవాళ్లు కట్టుకున్న కొంప. ఇప్పుడు మిగిలినవి పునాది రాళ్లు, ఓ మొండిగోడ, దాని పక్కన మసిబారిన పొయ్యి. పద్మనాభం ఈ దారి పట్టింది ఆ పొయ్యి కోసమే. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

కిందటేడు ఇక్కడే, అందరూ ఫోటోలు దిగుతుంటే, ఆయన భార్య జ్ఞానప్రసూన పొయ్యి ముందు చతికిలబడింది. బ్యాగులోంచి కుంకుమ భరిణె తీసి రాతికి బొట్టు పెట్టింది.

“ప్రసూనా! ఏమిటా పని? ఇది హిస్టారిక్ సైట్. బోర్డు చదవలేదూ?”

“ఎవరో ఇల్లాలు వండిపెట్టిన పొయ్యి కదండీ. ఎన్నాళ్లయిందో పాపం, పలకరించే దిక్కులేక.”

“తుడిచెయ్. ముందు తుడిచెయ్!”

అందరూ చూస్తున్నారు. ఆవిడ సీసాలోంచి నీళ్లు వంపి, చున్నీ కొసతో రుద్ది రుద్ది తుడిచింది. ఇంటికి వెళ్లేదాకా కారులో ఆ తడికొసను ఒళ్లో పట్టుకునే కూర్చుంది. చలికాలం పోకముందే గుండె ఆగి ఆవిడ పోయింది. ఆ మధ్యకాలంలో ఆయన ఆ ఊసెత్తనే లేదు. ఇప్పుడు ఎత్తుదామంటే మనిషి లేదు.

బృందమంతా మొండిగోడ చాటుకు చేరి ఫ్లాస్కుల మూతలు తీస్తుంటే, పద్మనాభం పొయ్యి ముందు వంగాడు. రాతి పగుళ్లలో ఎక్కడైనా ఎర్రటి నలుసు ఇరుక్కుని ఉంటుందేమోనని ఆశ. ఉంటే తన మాట పూర్తిగా నెగ్గనట్టే. గోటితో గీకాడు. నాచు, మట్టి.

“ఏమైనా పడిపోయిందా అంకుల్?” బృందంలోకెల్లా చిన్నదైన రష్మి దగ్గరికొచ్చింది. “ఫోన్ టార్చ్ వెయ్యనా?”

ఆయన ఇంకో పగులు గీకాడు. కిందటేడు అక్కడే ఉన్న లక్ష్మీకాంతానికి మాత్రం ఆయన ఏం వెతుకుతున్నాడో చెప్పనక్కర్లేకపోయింది.

“చూశారా కాంతమ్మగారూ,” అన్నాడాయన తలెత్తకుండా. “రవ్వంత కూడా మిగల్చలేదు. నా మాటంటే అంత లెక్క ఆవిడకి.”

లక్ష్మీకాంతం పర్సులోంచి గుడి కుంకుమ పొట్లం తీసి విప్పింది.

“మీరు పెట్టండి. మేం అటు తిరుగుతాం. పోలీసువారే పెడుతుంటే ఇక పట్టుకునేదెవరు?”

పద్మనాభం ఓసారి బోర్డు వైపు చూశాడు. చిటికెడు తీసుకున్నాడు. చెయ్యి రాతిని చేరేలోపే గాలి విసురుగా కొట్టింది. కుంకుమంతా ఆయన కోటు చేతి మీద చిందింది.

“అయ్యో, మరక పడుతుంది అంకుల్!” రష్మి టిష్యూ తీసి చెయ్యి పట్టుకోబోయింది.

ఆయన చెయ్యి గుండెకు దగ్గరగా లాక్కున్నాడు.

“వద్దమ్మా,” అన్నాడు. “తుడవొద్దు.”